ముక్కూ మొహం తెలియని చదువు

నీటి సరఫరా, మురుగునీటి శుద్ధి రంగంలోకి కొత్తగా వచ్చే కుర్రకారుకు ఏం నేర్పాలన్న విషయంలో పెద్దలు ఇన్నాళ్లకు ఒక మాట మీదికి వచ్చారు. పంపుల సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు విజిటింగ్ కార్డు అచ్చువేయించుకోవాలి. ఆ తర్వాత శుద్ధి ప్లాంట్లకు విద్యాయాత్ర. యాత్ర అయ్యాక నెట్‌వర్కింగ్. ఈ మూడూ పూర్తిచేసినవాళ్లకు ఊరి మురుగు అప్పజెప్పి హాయిగా నిద్రపోవచ్చని వాళ్ల నమ్మకం.

దీని మీద మాట్లాడే అర్హత నాకు దండిగా ఉంది. ఇప్పటిదాకా పదకొండు విద్యాయాత్రలు చేశాను. వాటిలో నాలుగింటిలో నీళ్లు కూడా చూశాను. పది సర్టిఫికెట్లు వచ్చాయి. పదకొండోది ఎందుకు రాలేదో తర్వాత చెబుతాను.

యాత్ర ఎప్పుడూ కంట్రోల్ రూమ్‌లోనే మొదలవుతుంది. లోపల చల్లగా ఉంటుంది. గోడనిండా తెర, ఆ తెర మీద నీలం రంగు ట్యాంకులు, ఆకుపచ్చ పైపులు మెరుస్తుంటాయి. అసలు ట్యాంకు కిటికీ అవతలే ఉంటుంది గానీ దానికి అంత మంచి రంగు ఉండదు కనుక అందరూ తెరకే ఫొటోలు తీస్తారు. నలభై నిమిషాల ప్రజెంటేషన్ అయ్యాక హెల్మెట్లు పంచుతారు. అన్ని తలలకూ ఒకటే సైజు. తలల మధ్య తేడాలుంటాయన్న సంగతిని మన రంగం ఇంకా పరిశీలిస్తోంది.

బయటికి రాగానే గైడు చేసే మొదటి పని, గాలి ఎటు నుంచి వీస్తోందో చూడటం. దాన్నిబట్టి దారి మార్చి మమ్మల్ని నడిపిస్తాడు. గాలివాటం చూసుకుని అడుగేయడం ఉద్యోగంలో పైకి రావడానికి ఎంత అవసరమో ఇంత త్వరగా నేర్పే కోర్సు నాకు ఇంకెక్కడా కనిపించలేదు.

ప్లాంటులో అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇన్‌లెట్. ఊరి మురుగంతా మొట్టమొదట వచ్చి జల్లెడల మీద పడేది అక్కడే. కమోడ్‌లో వేసి నీళ్లు వదిలేయొచ్చని ప్యాకెట్ మీద రాసి అమ్మిన వెట్ వైప్స్, చిక్కుపడిన జుట్టు, గడ్డకట్టిన నూనె, ఎవరూ పారేయలేదని చెప్పే సమస్తం అక్కడ తేలుతుంది. ఊరు తన గురించి అబద్ధమాడని చోటు బహుశా అదొక్కటే. అందుకే కాబోలు, ‘సమయాభావం వల్ల’ అది ప్రతి యాత్రలోనూ ఎగిరిపోతుంది. అదే సరుకు అద్దం వెనక ఉంటే మాత్రం సమయానికి లోటుండదు. 2017లో లండన్ వైట్‌చాపెల్ వీధి కింద కొవ్వూ వైప్సూ కలిసి 250 మీటర్ల పొడవున, 130 టన్నుల బరువుతో గడ్డకట్టి మురుగు కాలువను మూసేశాయి. కార్మికులు కిందికి దిగి వారాల తరబడి దాన్ని చెక్కి తీశారు. మరుసటి ఏడాది అందులోంచి ఓ చిన్న ముక్కను మ్యూజియంలో పెడితే జనం వచ్చి చూసి వెళ్లారు. మురుగుకు కావలసింది శుద్ధి కాదు, మంచి అద్దం అని నాకు అప్పుడు తెలిసింది.

ఆ మాటకొస్తే మురుగు యాత్రలు ఇప్పటివి కావు. 1867 ప్రపంచ ప్రదర్శన నాటికే పారిస్ నగరం తన భూగర్భ కాలువలను సందర్శకులకు తెరిచింది. మర్యాదస్తులు బళ్లెక్కి, పడవలెక్కి నగరం కడుపులో విహరించారు. మన యాత్రలు వాటికన్నా చాలా ముందుకెళ్లాయి. మనం కడుపులోకి దిగకుండానే వచ్చేస్తాం.

చివరి మజిలీ అవుట్‌లెట్. అక్కడ గైడు ఒక గాజు జాడీలో శుద్ధిచేసిన నీళ్లు పట్టి ఎండకు ఎత్తి చూపిస్తాడు. నమీబియాలోని విండ్‌హోక్ నగరం 1968 నుంచీ శుద్ధిచేసిన మురుగునీటిని తాగునీటిలో కలుపుకుంటోందని చెబుతాడు. అది నిజమే. అందరం చప్పట్లు కొట్టి, దాహమేసి, సీసా నీళ్లు తెరుచుకుంటాం. ఆ జాడీలో నీళ్లు ఎంత శుభ్రమో, అందులో మిగిలిన మురికిని తినడానికి సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడతాయో కొలిచి తేల్చే బీఓడీ పరీక్షకు 20 డిగ్రీల దగ్గర అయిదు రోజులు పడుతుంది. సర్టిఫికెట్ మాత్రం బస్సు ఎక్కేలోపే చేతికొస్తుంది. రెండింటిలో ఏ టెక్నాలజీ ముందుందో పాఠకులే ఆలోచించాలి.

ఇక్కడ నాదొక చిన్న భయం. ఇంత జాగ్రత్తగా వాసన తగలనివ్వకుండా తిప్పితే రేపు నిధులు ఎవరిస్తారు? 1858 వేసవిలో థేమ్స్ నది కంపు లండన్‌ను ఊపేసింది. పార్లమెంటు ఆ నది ఒడ్డునే ఉంది. కిటికీ తెరలను బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లలో ముంచి వేలాడదీసినా సభ్యులు నిలవలేకపోయారు. అంతకు ముందు ఏళ్లపాటు నానిన మురుగు కాలువల పథకానికి 18 రోజుల్లో చట్టం వచ్చేసింది, ఇంజనీరు జోసెఫ్ బాజల్‌గెట్ పని మొదలుపెట్టాడు. నివేదికలు చేయలేని పని ముక్కులు చేశాయి. మనమేమో మంత్రిగారు వస్తున్నారంటే ముందురోజే అత్తరు చల్లిస్తాం.

సరే, నెట్‌వర్కింగ్. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఒక హాల్లో చేరి, ఒకరి మెడలోని బ్యాడ్జీ ఒకరు చదువుకుని, ఆ తర్వాతే మొహం వంక చూడటాన్ని అలా అంటారు. ఉద్యోగం కోసం వచ్చిన కుర్రాళ్లు కన్సల్టెంట్ల చుట్టూ తిరుగుతారు. కన్సల్టెంట్లు అధికారుల చుట్టూ తిరుగుతారు. పంపులమ్మేవాళ్లు అందరి చుట్టూ తిరుగుతారు. అధికారులు తలుపు ఎక్కడుందా అని చూస్తుంటారు. పోయినసారి ఒక అమ్మాయి లేచి, “రాత్రిపూట మురుగులోకి గాలి ఊదే బ్లోయర్ ఆగిపోతే మొదటి గంటలో ఏం చేయాలండీ?” అని అడిగింది. వేదిక మీద నలుగురున్నారు. నలుగురూ చాలా మంచి ప్రశ్న అన్నారు. ఒకాయన భాగస్వామ్యం గురించి, ఒకాయన దార్శనికత గురించి మాట్లాడారు. మూడో ఆయన నీళ్లు నమిలారు. ఈ రంగంలో ఆ విద్యకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. నాలుగో ఆయన ఆమెకు కార్డు ఇచ్చారు.

ఈ సదస్సులను లోతుగా పరిశీలిస్తే అసలు సిసలు శుద్ధి విధానం కనిపిస్తుంది. 1914లో మాంచెస్టర్‌కు చెందిన ఆర్డెర్న్, లాకెట్ ఒక సంగతి ప్రకటించారు. మురుగులోకి గాలి ఊదాక అడుగుకు దిగిన బురదను పారేయకుండా దాచి, మళ్లీ కొత్త మురుగులో కలిపితే, వారాలు పట్టే శుద్ధి గంటల్లో అయిపోతుంది. ఆ బురద నిండా ఆకలిగొన్న సూక్ష్మజీవులు ఉంటాయి మరి. యాక్టివేటెడ్ స్లడ్జ్ అంటే అదే. సదస్సుల్లోనూ అంతే. ఒక చోట అడుగుకు దిగినవాళ్లను పారేయరు, పంపుచేసి తర్వాతి సదస్సు మొదట్లో కలుపుతారు. కాకపోతే ప్లాంటులో ఇంకో పని కూడా చేస్తారు. ఎక్కువకాలం తిరిగి ముసలిదైపోయిన బురదను రోజూ కొంత బయటికి తీసేస్తారు, లేకపోతే ట్యాంకు చెడుతుంది. సదస్సుల్లో ఆ ఏర్పాటు లేదు. ఈ వ్యాసకర్తే పదకొండుసార్లు తిరిగినవాడు గనుక ఈ అంశాన్ని ఇంతటితో వదిలేద్దాం.

నెట్‌వర్కింగ్ తెలియక నష్టపోయినవాళ్లు చరిత్రలో ఉన్నారు. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో కలరా వచ్చినప్పుడు డాక్టర్ జాన్ స్నో ఇల్లిల్లూ తిరిగి, ఎవరు ఏ పంపు నీళ్లు తాగారో అడిగాడు. రోగం ఆ వీధి పంపు నీళ్ల నుంచే వస్తోందని తేల్చి, దాని పిడి తీయించాడు. కంపు వల్లే రోగం వస్తుందని లోకమంతా నమ్మే రోజులవి. ఆ పేటలోని చర్చి గురువు హెన్రీ వైట్‌హెడ్ కూడా స్నో మాట మొదట నమ్మలేదు. తప్పని తేల్చడానికే బయలుదేరాడు. పేటలో అందరూ తెలిసినవాళ్లే కావడంతో మళ్లీ మళ్లీ వెళ్లి అడుగుతూ పోయి, పంపు పక్క ఇంట్లో జబ్బుపడిన పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లు మురుగు గుంటలో పోశారన్న దగ్గరికి చేరాడు. గుంటను తవ్వి చూస్తే అది బావిలోకి కారుతోంది. ఇంత చేసినా ఇద్దరూ కార్డులు మార్చుకున్నట్టు ఆధారాల్లేవు. బస్సు లేదు, బ్యానర్ లేదు, గ్రూప్ ఫొటో లేదు. మన లెక్కలో అది యాత్ర కిందికి రాదు.

నాకూ అలాంటి నష్టమే ఒకటి జరిగింది. ఏడో యాత్రలో బూటు లేసు ఊడి గుంపుకు వెనకబడ్డాను. మురుగులోకి గాలి ఊదే ఏరేషన్ ట్యాంకు పక్కన ఒక పెద్దాయన లీటరు గాజు గొట్టంలో ట్యాంకు నీళ్లు పోసి, బురద ఎంత దిగుతుందో చూస్తూ కూర్చున్నాడు. అరగంట చూడాలట. చూస్తూనే మాట్లాడాడు.

“తెల్ల నురుగు పొంగుతోందంటే బురద ఇంకా లేతగా ఉందని బాబూ. ముదురు రంగులో జిగటగా పేరుకుంటే ముదిరిందని. మీటర్ తర్వాత చూస్తాను, ముందు ముక్కుతో చూస్తాను. మట్టి వాసన వస్తే అంతా బాగున్నట్టే. కుళ్లిన గుడ్డు వాసన వస్తే గాలి చాలట్లేదు.”

“అప్పుడు భయపడాలా?”

“భయపడాలి. వస్తూ వస్తూ వాసన ఉన్నట్టుండి ఆగిపోయిందనుకో, ఇంకా భయపడాలి. పోయింది వాసన కాదు, నీ ముక్కు.”

ఆ గుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువుది. అది గాలిలో 100 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో వంద పాళ్ల దగ్గరికి వచ్చిందంటే వాసన పట్టే శక్తి చచ్చిపోతుంది. పుస్తకంలో ఈ ముక్క నేనూ చదివి పరీక్ష రాశాను. ఆయన చెప్పాక మాత్రమే అర్థమైంది. ఎంతో సంతోషించి కార్డు అడిగాను. లేదన్నాడు. షిఫ్టులో ఉన్నాడు కాబట్టి సాయంత్రం నెట్‌వర్కింగ్‌కీ రాలేదు. అలా ఆయన్ని నా నెట్‌వర్క్‌లో చేర్చుకునే అవకాశం చేజారిపోయింది. నా పెట్టెలో ఇప్పుడు మూడొందల కార్డులున్నాయి. బ్లోయర్ మీద చెయ్యివేసిన మనిషిది ఒక్కటీ లేదు.

ఇక పదకొండో యాత్ర. ఆ రోజు గాలి ఎటూ వీయలేదు, గైడుకు దారి తోచలేదు. కింది అంతస్తులోని పంపుల గదిలోకి తీసుకెళ్లాడు. గ్యాస్ మీటర్ బస్సులో ఉంది. నాలుగు మెట్లు దిగేసరికి గుడ్డు వాసన గుప్పుమంది, అందరూ రుమాళ్లు తీశారు. ఇంకో రెండు మెట్లు దిగాక వాసన లేదు. నా వెనకున్నాయన హమ్మయ్య అని రుమాలు జేబులో పెట్టుకున్నాడు.

నేను అరిచి, అందిన చొక్కానల్లా పట్టి లాక్కుంటూ పైకి పరిగెత్తాను. మిగిలినవాళ్లు విసుక్కుంటూ వెంట వచ్చారు. ఆ గందరగోళంలో గ్రూప్ ఫొటో తప్పిపోయింది. గైడు ఇప్పటికీ నాతో మాట్లాడడు. కార్యక్రమం మధ్యలో వెళ్లిపోయినవాళ్లకు సర్టిఫికెట్ ఇవ్వరట.