సిగ్గుపడాల్సింది మా పెదనాన్న కాదు

మా పెదనాన్న హనుమకొండలో ముప్ఫై ఏళ్లు లెక్కలు బోధించిన సారు. ఒక గురువారం సాయంత్రం బ్యాంకు పేరుతో వచ్చిన మెయిల్‌ను నమ్మి పాస్‌వర్డ్, ఓటీపీ ఇచ్చేశారు. పింఛను ఖాతాలోంచి 24 వేలు పోయాయి. మర్నాడు పొద్దున్నే బ్యాంకుకు వెళితే, కౌంటర్లో ఉన్న వ్యక్తి అందరి ముందు "చదువు చెప్పిన సారు, మీరే ఇలా చేస్తే ఎలా?" అన్నాడట. ఫిర్యాదు రాసుకోలేదు. ఖాతా ఆపలేదు. పెదనాన్న తలదించుకుని ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. శనివారం మరో 18 వేలు పోయాయి. ఆదివారం పెద్దమ్మ గుచ్చి గుచ్చి అడిగితే గానీ సంగతి బయటపడలేదు.

ఆ మెయిల్ నేను చూశాను. అదే బ్యాంకు గుర్తు, అవే రంగులు. కేవైసీ, అంటే ఖాతాదారు గుర్తింపు వివరాల గడువు ముగిసింది, 24 గంటల్లో ఖాతా నిలిపివేస్తామని బెదిరింపు. పంపినవారి పేరు మీద నొక్కితే అసలు చిరునామా కనిపించింది. అందులో బ్యాంకు ఊసే లేదు. లింకులో మాత్రం బ్యాంకు పేరు మొదట్లోనే ఉంది, ఆయన అక్కడే మోసపోయారు. మనకు ఇంటిపేరు ముందుంటుంది, వెబ్ చిరునామాకు చివర ఉంటుంది. మొదట్లోని https:// వదిలేస్తే, ఆ తర్వాత వచ్చే మొదటి అడ్డగీతకు (/) ముందున్న చివరి ముక్కలే అసలు యజమానివి. బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31 నాటికి తమ వెబ్‌సైట్లను 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' (.bank.in) కిందకు మార్చాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లు ఇచ్చేది హైదరాబాద్‌లో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఒక్కటే, కాబట్టి దొంగ వాటిని కొనుక్కోలేడు. ఆ ముక్కను మధ్యలో ఇరికించి, అడ్డగీతకు ముందే వెనక ఇంకేదో తగిలించాడంటే అది దొంగదే. "తాళం గుర్తు ఉంది కదా బిడ్డా" అన్నారు పెదనాన్న. ఆ తాళం దారిలో ఇంకెవరూ చూడకుండా కాపాడుతుంది, అంతే. అవతల ఉన్నవాడు మంచివాడని చెప్పదు.

ఇవన్నీ ఆయనకు ఎవరు చెప్పారు? లింకులు నొక్కవద్దంటూనే అప్పు తీసుకోండి, కార్డు తీసుకోండి అని లింకులు పంపేది బ్యాంకులే. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిన సొమ్ము ఖాతాలో పడిన రైతుకు ఇదే మెయిల్ వస్తే అతడు దేన్ని చూసి పోల్చుకోవాలి?

సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి వెంటనే ఫోన్ చేస్తే డబ్బు చేతులు మారేలోపు ఆపే వీలుంటుంది. ఖాతాదారు పొరపాటు ఉన్నా, బ్యాంకుకు చెప్పిన తర్వాత పోయే సొమ్మును బ్యాంకే భరించాలని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది. అంటే ఆ 18 వేలు పెదనాన్న నష్టం కాదు.

ఆదివారమే 1930కి చెప్పి, సోమవారం బ్యాంకులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. శుక్రవారం ఆయన వచ్చి చెప్పారనడానికి రుజువేదీ అంటున్నారు బ్యాంకువాళ్లు. ఆ రోజు వరుసలో నిలబడి ఆ మాట విన్నవారిలో ఇద్దరు పెదనాన్న శిష్యులే. సాక్ష్యం చెబుతామన్నారు. రేపు ముగ్గురం కలిసి వెళుతున్నాం.