అప్పులేని ఒంటి గది

(బల్ల మీద ప్లాను. భర్త రెండంతస్తుల మేడ గీశాడు. భార్య రబ్బరు పట్టుకుంది.)

భర్త: ఏంటే, మేడంతా చెరిపేశావు!

భార్య: అంతా ఎక్కడండీ? గది, వంటిల్లు, బాత్రూం ఉంచాగా. చేతిలో ఉన్న డబ్బు అక్కడిదాకే వచ్చింది.

భర్త: మిగతాదానికి బ్యాంకు లేదూ?

భార్య: ఎందుకు లేదు! 9 శాతం వడ్డీకి 20 ఏళ్లు కడితే, ఇచ్చినదానికి రెట్టింపు పైనే పట్టుకుపోతుంది. మొదటి నెల వాయిదాలో అసలుకి పోయేది ఆరో వంతే. మిగతాదంతా వడ్డీ.

భర్త: లెక్కలు చెప్పకు, టెన్షనొస్తుంది.

భార్య: ఒక్కసారేగా. అప్పు చేస్తే నెలనెలా వస్తుంది.

భర్త: సరే, రేపు పైన వేద్దామంటే ఈ పునాది మోస్తుందా?

భార్య: పై అంతస్తు బరువు కూడా లెక్కగట్టి ఇప్పుడే వేయించాలి. అక్కడ మాత్రం పిసినారితనం పనికిరాదు. ఇంజినీరుతో మాట్లాడాను.

భర్త: నాకు చెప్పకుండానా?

భార్య: మీరప్పుడు మేడకి రంగు ఎంచుతున్నారు.

(అది నిజమే. రెండు రంగుల దగ్గర ఆగిపోయాడు పాపం.)

భర్త: స్లాబ్ మీద ఆ చువ్వలేంటి, నిక్కబొడుచుకుని?

భార్య: పై పిల్లర్లు లేపేది వాటి మీంచే. ఈలోపు తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూయించాలి.

భర్త: చూసినవాళ్లు డబ్బుల్లేక ఆపేశారనుకోరూ?

భార్య: అనుకోనివ్వండి, అబద్ధం కాదుగా.

భర్త: మరి ఈ కిటికీ పైన గోడని మోసే దూలం, అదే లింటెల్, ఇంత పొడుగెందుకు?

భార్య: అది కాబోయే గుమ్మం. లింటెల్ ఇప్పుడే గుమ్మం కొలతకి వేయిస్తే, రెండో గది కట్టినప్పుడు కింద గోడ కొట్టేస్తే సరిపోతుంది.

భర్త: సెప్టిక్ ట్యాంకుని ఆ మూలకి తోశావేం?

భార్య: మీరు గీసినచోటే ఉంచితే రెండో గది దాని నెత్తిన కట్టాలి.

(భర్త గొంతు సవరించుకున్నాడు.)

భర్త: మా అక్కావాళ్లొస్తే ఎక్కడ పడుకుంటారే?

భార్య: వాళ్ల గది మూడో విడతలో.

భర్త: రెండో విడతలో?

భార్య: మా అమ్మది.

భర్త: నేను చదువుకునే గది?

భార్య: నాలుగో విడత.

భర్త: అప్పటిదాకా నేనెక్కడ కూర్చోవాలి?

భార్య: మొదటి వారమైతే స్లాబ్ మీదే. తడి ఆరకుండా నీళ్లు పట్టాలి, కూలి మిగులుతుంది.