“విడిగా ఉన్నా సమానమే” అన్న తీర్పులో సమానం ఎక్కడుంది?

వాట్సాప్‌లో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. “అమెరికా సుప్రీంకోర్టు 1896లో నల్లజాతివాళ్లను విడిగా కూర్చోమందే గానీ తక్కువ చెయ్యలేదు. రూలు ఇద్దరికీ ఒకటే. ఆ కాలంలో అది ఎవరికీ తప్పనిపించలేదు” అని దాని సారాంశం. మూడు మాటలూ తప్పే.

ముందు రూలు సంగతి. అమెరికాలోని లూసియానా రాష్ట్రం తెల్లవాళ్లకూ నల్లజాతివాళ్లకూ వేరువేరు రైలుపెట్టెలు ఉండాలని 1890లో చేసిన చట్టంలోనే ఒక మినహాయింపు ఉంది: వేరే జాతి పిల్లల్ని చూసుకునే ఆయాలకు అది వర్తించదు. అంటే తెల్లవాళ్ల బిడ్డ ఒళ్లో ఉంటే నల్లజాతి ఆయా వాళ్ల పెట్టెలో దర్జాగా కూర్చోవచ్చు. బిడ్డను అప్పజెప్పి ఒంటరిగా తిరుగు రైలెక్కితే అదే మనిషికి, అదే పెట్టెలో చోటు లేదు. పక్కన కూర్చోవడమే ఇబ్బందైతే ఆయాను ఎలా రానిచ్చారు? పనిమనిషిగా వస్తే ఫరవాలేదు, టికెట్టు కొన్న ప్రయాణికురాలిగా వస్తేనే నేరం.

ఆ చట్టం నల్లజాతివాడిగా లెక్కగట్టిన హోమర్ ప్లెసీ చేసిందీ అదే. 1892 జూన్ 7న న్యూ ఆర్లీన్స్‌లో ఫస్ట్‌క్లాస్ టికెట్టు కొని తెల్లవాళ్ల పెట్టెలో కూర్చున్నాడు. అరెస్టు చేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్తే 1896లో ఏడుగురు జడ్జీలు ఆ చట్టాన్ని సమర్థించారు, ఒక్క జస్టిస్ హార్లన్ కాదన్నాడు.

ఇక “తక్కువ చెయ్యలేదు” అన్న మాట. తీర్పు రాసిన జస్టిస్ బ్రౌన్ ఏమన్నాడో చూడండి: ఇందులో అవమానం కనిపిస్తే అది చట్టంలో ఉన్నది కాదు, నల్లజాతివాళ్లు అలా అర్థం చేసుకోవడం వల్లే అన్నాడు. చెంప మీద కొట్టి, నొప్పి నీ ఊహే అనడం కాదా ఇది? పైగా సమానత్వమైనా నిలిచిందా అంటే అదీ లేదు. మూడేళ్లకే, 1899లో, జార్జియాలో ఒక కౌంటీ నల్లజాతి పిల్లల హైస్కూలు మూసేసి తెల్ల అమ్మాయిల హైస్కూలును మాత్రం నడిపితే, అదే కోర్టు జోక్యం చేసుకోలేదు. ఆ తీర్పు రాసింది హార్లనే. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు నిజంగా బాధేసింది.

“ఎవరికీ తప్పనిపించలేదు” అట! ప్లెసీ వెనక న్యూ ఆర్లీన్స్ పౌరుల కమిటీ ఉంది. చందాలు పోగేసి, చట్టాన్ని సవాలు చెయ్యాలనే ఆయన్ని రైలెక్కించింది. అదనపు పెట్టెల ఖర్చు భరించలేక రైల్వే కంపెనీకీ ఆ చట్టం ఇష్టం లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. బ్రౌన్ ఆసరా తీసుకున్న పాత తీర్పుల్లో ఒకటి 1849 నాటి బోస్టన్ బడి కేసు. ఐదేళ్ల సారా రాబర్ట్స్ ఐదు తెల్లపిల్లల బడులు దాటుకుని నల్లజాతి పిల్లల బడికి వెళ్లాల్సి వచ్చేది. అక్కడి కోర్టు అది సబబే అంది. కానీ 1855లోనే బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్ర శాసనసభ అలాంటి బడులను చట్టం చేసి రద్దు చేసింది. బ్రౌన్ ఆ తీర్పును ఉదాహరించేసరికి అక్కడ అలాంటి బడులు రద్దయి 41 ఏళ్లు.