అమెరికాలో అన్నీ రీసెర్చ్ చేసే చేస్తారట!

ఇందాకే మెయిల్ బాక్స్‌లో అంబులెన్స్ బిల్లు కనపడింది. అప్పట్లో మా చిన్నోడు సాకర్ ప్రాక్టీస్‌లో పడి తల కొట్టుకుంటే కోచ్ కంగారుపడి ఎమర్జెన్సీ నంబర్ 911కి ఫోన్ చేశాడని చెప్పా కదా, అదన్నమాట. వాడికేం కాలేదు, దేవుడి దయవల్ల సాయంత్రానికే ఇంటికొచ్చి మ్యాగీ అడిగాడు. గ్రౌండ్ నుంచి హాస్పిటల్ బోర్డు కనపడుతుంది, అంత దూరం. దానికి ఇన్సూరెన్స్ ఇచ్చింది పోను ఇంకో 1,400 డాలర్లు నన్ను కట్టమంటున్నారు. ఎందుకంటే ఆ అంబులెన్స్ అవుట్ ఆఫ్ నెట్‌వర్క్ అట, అంటే మా ఇన్సూరెన్స్‌తో ఒప్పందం లేనిదట. నేను పిల్లాడి తల పట్టుకుని కూర్చోవాలా, డ్రైవర్‌ని "నాయనా నువ్వు మా నెట్‌వర్క్‌లో ఉన్నావా" అని అడగాలా?

కడుపు మండి ఆ బిల్లు ఫోటో ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టా. మా బాబాయ్ గారు, ఏలూరులో రిటైరైన లెక్చరర్, ఒక్కసారి కూడా ఇటు రాలేదు, ఆయన వెంటనే "అక్కడ ఏదైనా రీసెర్చ్ చేసే పాలసీ పెడతారమ్మా, మనలా ఓట్ల కోసం కాదు, దానికీ ఏదో కారణం ఉండే ఉంటుంది" అన్నారు. కింద మా అన్నయ్య చప్పట్ల ఎమోజీ. పెద్దాయన్ని గ్రూప్‌లో ఏమనగలం, అందుకే ఇక్కడ కక్కుతున్నా.

నిజమే బాబాయ్ గారూ, రీసెర్చ్ చేస్తారు. అద్భుతంగా చేస్తారు. చేసి, పెళ్ళిలో వచ్చిన స్టీలు గిన్నెల్లాగా అటకెక్కిస్తారు.

ఇలాంటి బిల్లులతో జనం అప్పులపాలవుతున్నారని ఏళ్ళ తరబడి స్టడీల మీద స్టడీలు వచ్చాక, 2020 డిసెంబర్‌లో వాటిని ఆపడానికి నో సర్‌ప్రైజెస్ యాక్ట్ అనే చట్టం పాస్ చేశారు, 2022 జనవరి 1 నుంచి అమలు. అందులో హెలికాప్టర్ అంబులెన్స్ ఉంది. రోడ్డు మీద వెళ్ళే అంబులెన్స్ లేదు! అంటే మా వాణ్ణి హెలికాప్టర్‌లో తీసుకెళ్ళి ఉంటే నాకీ గొడవే లేదు, పాపం రోడ్డు మీద తీసుకెళ్ళారు కాబట్టి నోరుమూసుకుని కట్టుకోవాలి. ఏంటయ్యా అంటే కొన్నిచోట్ల అంబులెన్సులు ఫైర్ డిపార్ట్‌మెంట్‌వి, కొన్ని కౌంటీవి, కొన్ని ప్రైవేటువి, లెక్క తెగట్లేదు, కమిటీ వేద్దాం అన్నారు. వేశారు. అది కూర్చుని కూర్చుని 2024లో రిపోర్టిచ్చింది, పేషెంట్ వాటా 100 డాలర్లు దాటొద్దని. ఇచ్చి ఏం లాభం, కాంగ్రెస్‌లో, అదే ఇక్కడి పార్లమెంట్‌లో, కదిలితేగా!

"మీ టెక్సాస్‌లో రోడ్డు అంబులెన్స్ బిల్లులకి స్టేట్ చట్టం ఉందిగా" అని కామెంట్ పెట్టేవాళ్ళకి ముందే చెప్తున్నా, ఉంది, 2024 నుంచి ఉంది. కానీ మా ఆయన ఆఫీసుది సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్, కార్డు మీద ఏ ఇన్సూరెన్స్ పేరున్నా డబ్బు ఇచ్చేది ఆఫీసే. అలాంటి ప్లాన్లకి 1974 నాటి ఎరిసా అనే ఫెడరల్ చట్టం అడ్డం, స్టేట్ రూల్ అంటదు. మన ఐటీ వాళ్ళలో చాలామందివి ఇవే, ఓసారి మీవి చూసుకోండి.

సరే, నా ఏడుపు వదిలేయండి, జీతాలొస్తున్నాయి, వాయిదాల్లో కడతా. నాకు అసలు మండేది పిల్లల డబ్బుల సంగతి. 2021లో చైల్డ్ టాక్స్ క్రెడిట్, అంటే పిల్లలున్న ఇళ్ళకి ఇచ్చే పన్ను రాయితీ, పెంచి జులై నుంచి నెలనెలా అకౌంట్లో వేశారు, ఆరేళ్ళలోపు వాళ్ళకి 300 డాలర్లు, అంతకన్నా పెద్ద పిల్లలకి 250. ఆదాయం లేని ఇళ్ళకి కూడా. అదీ, మిగతా కోవిడ్ సాయాలూ కలిసి పిల్లల పేదరికం 5.2 శాతానికి దిగింది, అంత తక్కువ ఎప్పుడూ లేదు. చెప్పింది ఎవరో యాక్టివిస్టులు కాదు, సెన్సస్ బ్యూరో. తాగి తగలేస్తారు అన్నారు, జనం తిండికీ బట్టలకీ అద్దెకీ పెట్టుకున్నామని సర్వేల్లో చెప్పారు. ఇంతకన్నా రుజువేం కావాలి? డిసెంబర్‌తో ఆపేశారు. మరుసటి ఏడాది 12.4 శాతం. రెట్టింపు దాటింది! మళ్ళీ దాని మీద కూడా చార్టులేసి పేపర్లు రాసుకున్నారు, అది వేరే సంగతి.

అన్నట్టు అమ్మ ఒడి అయినా తల్లికి వందనం అయినా ఎవరిస్తే వాళ్ళని "సోమరిపోతుల్ని చేస్తున్నారు" అని తిట్టేది ఈ బాబాయ్ గారే. అమెరికా వాడు ఇస్తే రీసెర్చ్, మనవాడు ఇస్తే తాయిలం.

ఇంకొన్నిటికైతే అసలు రీసెర్చే వద్దన్నారు. 1996లో డికీ అమెండ్‌మెంట్ అని పెట్టి, ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ డబ్బు గన్ కంట్రోల్‌ని సమర్థించడానికి వాడకూడదన్నారు, దెబ్బకి వాళ్ళు భయపడి ఆ సబ్జెక్ట్ జోలికే పోవడం మానేశారు. ఇరవై ఏళ్ళు దాటాక 2020 బడ్జెట్లో ముష్టి 25 మిలియన్లు వేశారు. సరిగ్గా ఆ 2020లోనే పిల్లలూ టీనేజర్ల చావులకి తుపాకులు మొదటి కారణం అయ్యాయి, కార్ యాక్సిడెంట్లని కూడా దాటేసి. 2023 మేలో ఇక్కడే, మా డాలస్ పక్కన ఆలెన్ మాల్‌లో 8 మంది పోయారు, అందులో మన హైదరాబాద్ అమ్మాయి ఒకరు. ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల, షాపింగ్‌కి వెళ్ళింది, అంతే. నేను ఇప్పటికీ ఏ మాల్‌కి వెళ్ళినా ముందు బయటికి దారెటో చూసుకుని గానీ లోపలికి అడుగుపెట్టను.

అసలు బాబాయ్ గారికి ఇవన్నీ ఎందుకు, మా ఇంటి సంగతి చాలదా? వలస వచ్చినవాళ్ళు లాంగ్ రన్‌లో ఎకానమీకి మేలే అని నేషనల్ అకాడమీస్ అనే ఇక్కడి పెద్ద సైన్స్ సంస్థ 2016లో లావుపాటి రిపోర్టిచ్చింది. సంతోషం. గ్రీన్ కార్డులు మాత్రం ఉద్యోగాల కోటాలో ఏడాదికి 140,000, అది 1990లో పెట్టిన లెక్క, అందులోనే భార్యాపిల్లలు కూడా, దేశానికి 7 శాతం పరిమితి. ఐస్‌లాండ్‌కీ 7, ఇండియాకీ 7! గుంటూరంత జనం కూడా లేరు ఆ దేశంలో. 2019లో ఈ పరిమితి తీసేద్దామని కాంగ్రెస్ దిగువ సభ హౌస్‌లో 365 ఓట్లతో పాసైంది, మా ఆయన స్వీట్లు కూడా పంచాడు పిచ్చి మనిషి. మరుసటేడు సెనేట్ ఇంకో రకంగా పాస్ చేసింది, రెండూ కలవలేదు, మొత్తం మూలన పడింది. మేమింకా ఆ క్యూలోనే ఉన్నాం.

మా పెద్దది చిన్నపిల్లగా ఇక్కడికొచ్చింది, స్కూలంతా ఇక్కడే, దానికి 21 నిండితే మా మీద డిపెండెంట్ కాదు, డిపెండెంట్ వీసా హెచ్-4 పోతుంది. పుట్టినరోజు దగ్గర పడుతుంటే కేక్ గురించి కాదు, స్టేటస్ గురించి మాట్లాడుకుంటున్నాం ఇంట్లో. హెచ్-4 నుంచి స్టూడెంట్ వీసా ఎఫ్-1కి ఈ మధ్య మార్పించినవాళ్ళు ఎవరైనా ఉంటే ఎంత టైం పట్టిందో ఇన్‌బాక్స్ చెయ్యండి ప్లీజ్. "అంత కష్టమైతే ఇండియా వచ్చెయ్యొచ్చుగా" అనేవాళ్ళు మాత్రం దయచేసి చెయ్యకండి, అది చెప్పడానికి ఫ్యామిలీ గ్రూప్‌లో ఆల్రెడీ ఉన్నారు.