బాత్రూమ్ ఎటు? ముందు మీ మొహం చూపించండి

మాల్‌లో బాత్రూమ్ ఎక్కడుందో చెప్పడానికి పూర్వం వాచ్‌మన్ అనే ఒక వెనకబడిన టెక్నాలజీ ఉండేది. చెయ్యెత్తి ‘అటు’ అనేవాడు, అంతే. మన వయసెంతో కనుక్కోవాలన్న ఆలోచన కూడా ఉండేది కాదు పాపం. ఇప్పుడా లోటు తీరింది. నిలువెత్తు టచ్ స్క్రీన్ పెట్టారు.

మొన్న దాని ముందు నిలబడ్డాను. నా అవసరమేమో ఆగే రకం కాదు. స్క్రీన్ మాత్రం తీరిగ్గా స్వాగతం పలికింది. భాష ఎంచుకోమంది. ఎంచుకున్నాను. ఏ అంతస్తులో ఉన్నారంది. అది తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను తల్లీ? కాలు మార్చి నిలబడి మళ్లీ నొక్కాను. ఫేస్ క్రీమ్ ప్రకటన వచ్చింది. పైనున్న నల్లచుక్క, అదే కెమెరా, ‘మగ, 50 పైన, దిగులుగా ఉన్నాడు’ అని రాసుకునే ఉంటుంది. అది దిగులు కాదమ్మా!

నాది అనుమానపు జబ్బంటారా? కెనడాలో 12 మాల్స్‌లో దారి చూపే స్క్రీన్లలోనే కెమెరాలు పెట్టి 50 లక్షల ముఖాల ఫొటోలు తీశారని అక్కడి ప్రైవసీ కమిషనర్లు 2020లో తేల్చారు. తలుపుల మీద స్టిక్కర్ అంటించాం కదా అంది యాజమాన్యం. ఫొటోలు వెంటనే చెరిపేశామంది. నిజమే, కానీ ఆ ముఖాలను అంకెలుగా మార్చి వేరే సంస్థ దాచిపెట్టింది. అలాంటి డేటాబేస్ ఉన్నట్టే మాకు తెలియదంది మాల్ యాజమాన్యం! పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడం విన్నాం గానీ, తాగిన సంగతి పిల్లికే తెలియకపోవడం ఇక్కడే చూశాం.

ఆ దేశంలోనే 2024లో వాటర్‌లూ యూనివర్సిటీలో చాక్లెట్లమ్మే మెషీన్ ఒకటి మొరాయించి, తన కడుపులో మొహాలు పసిగట్టే ‘ఫేషియల్ రికగ్నిషన్’ యాప్ ఉందని తెర మీద కక్కేసింది. ఈ మొత్తం వ్యవహారంలో నిజాయితీ ఉన్నది ఆ పాడైన మెషీన్‌కే.

తలుపు మీద స్టిక్కర్ ఉంది కాబట్టి, లోపలికొచ్చారంటే ఫొటోకి ఒప్పుకున్నట్టేనట. నా పక్కన నాలుగేళ్ల పాప రెండు అరచేతులూ ఆ గాజుకి ఆనించి, ముక్కు తగిలేంత దగ్గరగా మొహం పెట్టి బొమ్మల కోసం చూస్తోంది. ఆ పిల్లకి చదవడమే రాదు. మీ స్టిక్కర్ ఎవరి కోసం అంటించారు? చెప్పులమ్ముకోడానికి ఆ పిల్ల మొహం మీకెందుకు? సిగ్గుండక్కర్లేదూ?

అన్నట్టు, వాచ్‌మన్ ఇంకా ఉన్నాడు. స్క్రీన్ మీద ఎవరూ గీతలు పెట్టకుండా కాపలా. బాత్రూమ్ ఎటు బాబూ అన్నాను. నా మొహం కూడా చూడకుండా చెయ్యెత్తాడు.