బ్రౌన్ అంటే బ్రౌనే కదండీ!

నిన్న సాయంత్రం నుంచి ఈ మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు. పప్పులో ఉప్పు తక్కువై తినలేదనుకుంది మా ఆవిడ. అదీ నిజమేలెండి.

సంగతి ఇది. నవంబరు 10 తెలుగు నిఘంటువు రాసిన సి.పి. బ్రౌన్ జయంతి. మా కాలనీ సంఘం వారు గేటుకు ఒక ఫ్లెక్సీ కట్టారు. ఎర్రటి అక్షరాలతో "రెవరెండ్ ఫాదర్ సి.పి. బ్రౌన్ గారికి ఘన నివాళి" అని ఉంది. కింద ఫొటోలో గుండ్రటి ముఖం, నల్లటి అంగీ, వెడల్పు అంచుల టోపీ, చేతిలో గొడుగు. ఎవరబ్బా ఈయన అని సైకిలు దిగి మరీ చూశాను. ఫాదర్ బ్రౌన్! 1910లో చెస్టర్టన్ తన కథల్లో పుట్టించిన డిటెక్టివు ఫాదర్! ఆ వేషం కట్టిన నటుడెవరిదో ఫొటో లాగి, మన కడప బ్రౌన్ దొర పేరు మీద అంటించారు. చుట్టూ మాత్రం పద్నాలుగు మంది కమిటీ సభ్యుల ఫొటోలు. అందులో ఒక్కటీ తారుమారు కాలేదు, చూశారా!

"అయ్యా, ఈయన కథలో మనిషి, పైగా కేథలిక్కు. ఈయన పట్టింది దొంగలను, మన బ్రౌన్ పట్టింది తాటాకులను" అని చెప్పాను. దానికి వచ్చిన జవాబే పైన శీర్షికగా పెట్టాను. "ఎవరు చూస్తారండీ" అని కొసమెరుపు కూడా.

అసలు మన బ్రౌన్ పాదిరి అని వీళ్లకు ఎవరు చెప్పారు? వాళ్ల నాన్న డేవిడ్ బ్రౌన్ పాదిరి. 1786లో కలకత్తాకు వచ్చాడు, ఫోర్ట్ విలియం కాలేజీకి పెద్దగా ఉన్నాడు, 1812లో అక్కడే పోయాడు. కొడుకు 1817లో కుంఫిణీ ఉద్యోగానికి మద్రాసులో దిగి, 1820లో కడప చేరాడు. ఆయన పనంతా శిస్తులు, తగాదాలు, కచేరీ. మిగిలిన పొద్దంతా పండితులను జీతాలిచ్చి కూర్చోబెట్టి తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించడం. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. ఇందులో ప్రసంగపీఠం ఎక్కడుంది? తండ్రి పాదిరి అయితే కొడుకూ పాదిరేనా? మా నాన్న పోస్టుమాస్టరు. నేనేమైనా మనియార్డర్లు పంచుతున్నానా?

పోనీ, రెవరెండ్ బ్రౌనే కావాలని అంత ముచ్చటగా ఉంటే, దొరకనట్టా? నేథన్ బ్రౌన్ ఉన్నాడు, అమెరికా బాప్టిస్టు. శివసాగర్ నుంచి 1846లో 'అరుణోదయ్' పత్రిక వెలువడిందంటే అందులో ఆయన చెయ్యి ఉంది. అస్సామీ బెంగాలీకి యాస కాదు, వేరే భాషే అని వాదించి, వ్యాకరణం రాసిన మనిషి. అస్సాం వాళ్లు ఆయన ఫొటో కింద వేరొకరి పేరు రాస్తారా? ఏమో, అక్కడా ఒక కాలనీ సంఘం ఉండే ఉంటుంది. తర్వాత ఆయన జపాను వెళ్లి యోకొహామాలో స్థిరపడితే, బైబిలు కొత్త నిబంధన అనువాద సంఘంలో ఇంకో రెవరెండ్ బ్రౌన్! ఆయన శామ్యూల్ రాబిన్స్ బ్రౌన్, వేరే శాఖ మనిషి. ఒకే ఊరు, ఒకే బల్ల, ఇద్దరు బ్రౌన్లు. బాప్తిస్మం అనే మాటను జపానులో ఏమనాలన్న దగ్గర పేచీ వచ్చి నేథన్ బయటికి నడిచి, 1879లో తన అనువాదం తనే వేసుకున్నాడు. ఒక్క మాట కోసం! మనవాళ్లు ఒక్క ఫొటో కోసం గూగుల్లో రెండో వరుస దాకా కూడా వెళ్లరు.

రెవరెండ్ అంటే గడ్డమున్న దొర అనుకోకండి. అమెరికాలో 1853లో పాదిరి పట్టం పొందిన ఆంటొనెట్ బ్రౌన్ ఆడమనిషి. పదేళ్ల తర్వాత 1863లో ఒలింపియా బ్రౌన్. ఆమె మహిళల ఓటు కోసం జీవితమంతా కొట్లాడి, 1920లో ఎనభై అయిదేళ్ల వయసులో వెళ్లి ఓటు వేసింది. ఫ్లెక్సీ కట్టవలసింది ఆమెకు. నాటకాల్లో కావాలంటే, 1955 నాటి 'ఇన్‌హెరిట్ ద విండ్'లో జెరెమయా బ్రౌన్ ఉన్నాడు. కన్నకూతురినే నరకాగ్నికి అప్పజెప్పే పాదిరి. అదృష్టవశాత్తూ ఈయన మన గేటుదాకా రాలేదు.

ఇంగ్లిషువాళ్లకు బ్రౌన్ అంటే వీధికి నలుగురు. ఎవరో తాతకు జుట్టో ఒళ్లో గోధుమరంగు, అంతే. మన దగ్గర మాత్రం ఇంటిపేరు ముందుండాలి, అదీ ఒక్క అక్షరంలో ముడుచుకుని. బ్యాంకులో ఫారం నింపేటప్పుడు చివరి పేరు ఏదండీ అని అడుగుతారు. చివర ఉన్నది నా పేరే నాయనా అంటే కంప్యూటరు ఒప్పుకోదు. ఆధార్‌లో ఒక వరుస, పాస్‌బుక్కులో ఇంకో వరుస, ఈ తిరుగుడుకే మూడు సెలవులు పోయాయి. అది ఇంకో రోజు రాస్తాను.

ఇంతకీ ఆ ఫ్లెక్సీ రాయించింది ఎవరో చెప్పలేదు కదూ. మా బావగారు, మా అక్కయ్య భర్త, సంఘం కార్యదర్శి. పదకొండేళ్ల క్రితం "ఏమోయ్, ఒక్క వారం" అని నా బ్రౌణ్య నిఘంటువు పట్టుకెళ్లిన మహానుభావుడు. నీలం అట్ట, వెన్ను దగ్గర నేను మైదాపిండితో అతికించిన గుడ్డ, 'చ' దగ్గర బస్సు టికెట్టు గుర్తు. అడిగితే "ఇంట్లోనే ఉందిగా, ఎక్కడికి పోతుంది" అంటారు. మొన్న వాళ్లింటికి వెళితే టీవీ కింద ఎత్తుకు పెట్టి ఉంది.

ఇందాక ఫోను చేశారు. "ఏమోయ్, రెవరెండ్ కాకపోతే ఏమని మార్చమంటావు? ఫ్లెక్సీ అబ్బాయి లైన్లో ఉన్నాడు" అని.

"బావగారూ, ఆ టీవీ కొంచెం ఎత్తండి. కింద ఉన్న పుస్తకం మొదటి పుట తెరవండి. ఆయన ఎవరో, ఏ ఉద్యోగం చేశాడో అందులోనే వేసి ఉంది. చదివాక పుస్తకం నాకు పంపండి" అన్నాను.

లైను కట్ అయింది. ఫ్లెక్సీ ఇంకా అలాగే ఉంది.