కనిష్ఠ భాగం

కర్నూలు పాతూర్లో ఉన్న మా మిద్దె పంపకాల గొడవ పదకొండేళ్లుగా కోర్టులో నలుగుతోంది. పడమటి గది మాదా, పెదనాయన కొడుకుదా అన్నది ఇంకా తేలలేదు. అయినా అదే ఇంట్లో ఒక ఆస్తిని మాత్రం వకీలు లేకుండా, స్టాంపు కాగితం లేకుండా రెండు రోజుల్లో ఇంటిల్లిపాదికీ పంచేశాం. అది సీసం.

మా పెద్దోడి పెళ్లి కుదిరింది. పెళ్లంటే ఇంటికి రంగు, రంగంటే ముందు గీకుడు. మేస్త్రి వీధి తలుపు మీద రేకు పట్టీ ఆనించి ఒక్క గీకు గీకేసరికి మా వంశ చరిత్రంతా బయటపడింది. పైన మొన్నమొన్న వేసిన చాక్లెట్ రంగు. దాని కింద నీలం, 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి కలిసి ఊళ్లోకి వచ్చిపోయాక బురద మరకలు కప్పడానికి వేసింది. దాని కింద నాయన పెళ్లి నాటి ఆకుపచ్చ. అన్నిటికన్నా అడుగున పసుపు. 1953లో కర్నూలు రాజధాని అయినప్పుడు ఎవరైనా ఆఫీసరు బాడుగకు దిగుతాడేమోనని తాత వేయించాడు. రాజధాని మూడేళ్లకే మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు పోయింది. పసుపు మాత్రం పోలేదు. రంగు తళతళలాడాలన్నా, తొందరగా ఆరాలన్నా, ఎండకూ వానకూ నిలవాలన్నా ఆ రోజుల్లో సీసమే కలిపేవాళ్లు. పసుపు, ఎరుపు ఎనామిల్ రంగుల్లో అయితే మరీ ధారాళంగా.

ఇక పంపకం సంగతి. పొలాల దగ్గర పెద్దకొడుకు జ్యేష్ఠ భాగం అడుగుతాడు. సీసానిది కనిష్ఠ భాగం పద్ధతి. నోట్లోకి పోయిన సీసం పెద్దవాళ్ల ఒంటికి పట్టేదానికన్నా పసిపిల్లల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుంది. పాకే పిల్లాడు గడప దగ్గర నేల మీద చెయ్యి పెడతాడు, ఆ చెయ్యి నోట్లో పెడతాడు. వాటా చేతికందినట్టే, వేలిముద్ర కూడా అక్కర్లేదు. కడుపులో ఉన్న బిడ్డనూ మరిచిపోదు, తల్లి రక్తంలోంచి పంపుతుంది. పుట్టబోయే బిడ్డకు వాటా ఇవ్వడంలో హిందూ వారసత్వ చట్టం, సీసం ఒకే మాట మీద ఉన్నాయి. పైగా ఇది ఎముకల్లో ఏళ్ల తరబడి భద్రంగా ఉండే డిపాజిట్. వడ్డీ పిల్లల మెదడులో, చదువులో కోసుకుంటుంది. ఇంతవరకైతే ఫర్వాలేదు అనే లెక్క సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది గానీ, ఆ సంస్థ మా ఇంటి పెళ్లి ఖర్చు చూడలేదు.

అమెరికాలో ఉన్న మేనల్లుడు వీడియో కాల్‌లో తలుపు చూసి కేకలు పెట్టాడు. "మామా, ఆపండి! పాత ఎనామిల్ అంటే సీసం ఉందనుకునే పని చెయ్యాల." అక్కడ ఇళ్లకు వేసే సీసం రంగులను 1978లోనే నిషేధించారట. అంతకు ముందు కట్టిన ఇంట్లో కాంట్రాక్టరు గీకుడు పని పట్టాలంటే శిక్షణ, సర్టిఫికెట్ ఉండాలట. "తలుపు గీకనీకి సర్టిఫికెట్టా? ఈడ డిగ్రీలు పాసైనోళ్లే ఊరికే కూర్చున్నారు" అన్నాడు చిన్నాయన. మన దగ్గరా చట్టం లేకపోలేదు. 2017 నవంబరు నుంచి ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు దాటకూడదు. అది కొత్త డబ్బా సంగతి. తాత నాటి తలుపు డబ్బా కాదు కదా.

గట్టిగా అంటుకుని ఉన్న రంగును గీకొద్దు, దాని మీదే కొత్తది వేయించండి అన్నాడు మేనల్లుడు. పెచ్చులు లేచిన చోట నీళ్లు చల్లి, తడి మీదే ఎమరీ పట్టమన్నాడు. కింద ప్లాస్టిక్ పట్ట పరిచి, పొడి దాని మీదే పడేట్టు చూసి, మూటకట్టి పారేయమన్నాడు. చీపురు ముట్టుకోవద్దు, తడిగుడ్డతో తుడవమన్నాడు. పని అయ్యేదాకా మనవణ్ణీ, ఆరో నెల గర్భంతో ఉన్న తమ్ముడి కోడలినీ వేరే ఇంటికి పంపమన్నాడు. నీళ్ల సంగతికొచ్చేసరికి మా చిన్నాయనకు రోషం వచ్చింది. "కర్నూల్లో మనుషులకే నీళ్లు లేవు, తలుపుకు తానమా?" ఇస్త్రీకి నీళ్లు చల్లే సీసా చాలన్నాడు మేనల్లుడు. సీసానికి సీసా మందా అని అందరం నవ్వి ఫోన్ పెట్టేశాం.

మేస్త్రి అనుభవం ముందు ఇవన్నీ ఏపాటి? "ముప్పై ఏండ్ల నుంచి గీకుతాండా సార్, నాకేమైంది?" అన్నాడు. అడిగితే కడుపునొప్పి, మలబద్ధకం, రక్తం తక్కువ అని చెప్పి, "అది వేరేలే" అని తేల్చేశాడు. మాస్కు ఇస్తే ఉక్కపోస్తుందని జేబులో పెట్టుకుని, ముక్కుకు తువ్వాలు చుట్టుకున్నాడు. పదింటికి అరుగు మీద కూర్చుని అదే తువ్వాలుతో చేతులు దులుపుకుని ఉగ్గాని తిన్నాడు. గోళ్ల సందుల్లో తాత పసుపు. మధ్యాహ్నం చెక్కడపు పూల మూలల్లో రంగు ఊడలేదని బ్లో ల్యాంపు తెచ్చాడు. పొడిగా రాలిన సీసం నేల, చెయ్యి, నోరు అని మజిలీలు చేసుకుంటూ పోవాలి. మంట పెడితే పొగై నేరుగా ఊపిరితిత్తుల్లో దిగుతుంది, నాన్‌స్టాప్ బస్సు.

సాయంత్రానికి వసారా అంతా పసుపూ ఆకుపచ్చా కలిసిన సన్నని పొడి. మా ఆవిడ కొంగు నడుముకు దోపి, చీపురు తీసుకుని అంతా పెదనాయన కొడుకు వాటా వైపు ఊడ్చేసింది. పదకొండేళ్లలో మాకు దక్కిన మొదటి గెలుపు అది. ఆరు దాటాక హంద్రి వైపు నుంచి గాలి తిరిగింది. మనవడు గడప మీద కూర్చుని, నేలకు వేలద్ది, ముగ్గులు వేస్తున్నాడు.